సంచి వెనక దీపం



కిందటి కార్తీకంలో ఒక రాత్రి జరిగిన సంగతితో మొదలుపెడతాను. తొమ్మిదిన్నర దాటింది. బెజవాడ వన్‌టౌన్‌లో ప్రెస్సు పని ముగించుకుని ఉండవల్లిలో ఇంటికి వెళ్తున్నాను. నేను ప్రూఫులు దిద్దే మనిషిని. ఇరవై ఏళ్లుగా ఈ దారిలో నా రాకపోకలన్నీ సైకిలు మీదే. ప్రకాశం బ్యారేజీ మీద దీపాలుంటాయి, దారి తెలుస్తుంది. బ్యారేజీ దిగి సీతానగరం దాటాక మాత్రం చెట్ల కింద ముక్కలు ముక్కలుగా చీకటి. ఆ చీకట్లో మూడడుగుల ఎత్తున ఎర్రటి మసక వెలుగొకటి ఊగుతూ ఎదురొస్తోంది. లాంతరు మీద గుడ్డ కప్పి పట్టుకొస్తున్నట్టుంది. ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అంతుపట్టలేదు. నాలుగు బారల దూరానికి వచ్చాక గానీ అది సైకిలనీ, మీద మనిషున్నాడనీ తెలియలేదు.

ఇద్దరం ఆగాం. ఆయన నైట్ వాచ్‌మన్, డ్యూటీకి బెజవాడ వెళ్తున్నాడు. హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ సంచి తగిలించి ఉంది. అందులో అన్నం క్యారేజీ, మంచినీళ్ల సీసా. ఆ సంచికి సరిగ్గా వెనక, హ్యాండిల్ నడిమధ్యన, కొత్త లైటు నిండు ఛార్జింగుతో వెలుగుతోంది. వెలుగంతా సంచిలోకే పోతోంది. “లైటుందండీ, మొన్ననే కొన్నాను” అన్నాడు, నేనేమీ అడగకుండానే. నిజమే, లైటుంది. మంచి లైటే. అది ఉన్న చోటే బాగాలేదు.

ఆ రాత్రి నుంచి ఈ మాట పదిమందికీ చెప్పాలని నాకు గట్టిగా ఉంది. సైకిలుకి హ్యాండిల్ ఎంచుకునేటప్పుడే లైటు ఎక్కడ బిగించాలో కూడా తేల్చుకోవాలి. రెండూ కలిపి చూడాల్సిన పనులు. మన ఊళ్లలో హ్యాండిల్ అంటే చేతులు ఆనించుకునే గొట్టం ఒక్కటే కాదు కదా. దానికి క్యారేజీ వేలాడుతుంది, కూరగాయల సంచి వేలాడుతుంది, పాలక్యాను వేలాడుతుంది, వానాకాలం గొడుగు వేలాడుతుంది. పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుంటే వాడి చేతులూ దాని మీదే. పనికిపోయే సైకిలుకి హ్యాండిలే చిలక్కొయ్య. లైటు తయారుచేసేవాళ్లు ఈ చిలక్కొయ్య సంగతి తలచుకోరు. మనమే తలచుకోవాలి.

ముందు హ్యాండిల్ విషయం చూద్దాం.

మీలో చాలామంది కూర్చుని వింటూ ఉంటారు. ఒక చిన్న పని చేయండి. రెండు పిడికిళ్లలో రెండు పెన్సిళ్లు పట్టుకోండి. పెన్సిళ్లు లేకపోతే చెంచాలైనా సరే. భుజాలు వదులుగా వదిలేయండి. కళ్లు మూసుకుని, సైకిలు హ్యాండిల్ అందుకుంటున్నట్టు చేతులు ముందుకు చాపండి. మోచేతులు కొంచెం వంగి ఉండనివ్వండి. ఇప్పుడు కళ్లు తెరిచి చూడండి. రెండు పెన్సిళ్లూ ఒకే గీత గీసినట్టు అడ్డంగా ఉన్నాయా? చాలామందికి ఉండవు. బొటనవేలి వైపు కొనలు ముందుకూ లోపలికీ, చిటికెనవేలి వైపు కొనలు బయటికీ వెనక్కీ వాలి ఉంటాయి. మీ మణికట్టు కోరుకునే వంపు అది. సైకిలు షాపులో రంగు చూసి, గేర్లు చూసి, ధర చూసి కొంటాం గానీ, ఈ వంపు ఎంతో చూసి కొనేవాళ్లు అరుదు.

మన పాత నల్ల జెంట్స్ సైకిలుకి ఈ వంపు పుట్టుకతోనే ఉంది. అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. మన ఊళ్లన్నిటినీ నింపేసిన ఆ నల్ల సైకిళ్ల నమూనా ఇంగ్లండు రోడ్‌స్టర్‌ది. దాని హ్యాండిల్ మధ్యలో కొంచెం ముందుకు పోయి, రెండు వైపులా గుండ్రంగా తిరిగి, మన వైపుకి వచ్చేస్తుంది. ఆ ఆకారాన్ని ఇంగ్లండులో నార్త్ రోడ్ హ్యాండిల్ అంటారు. పట్టుకుంటే అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, పక్కనున్న పిల్లల చెయ్యి పట్టుకుని నడిచినట్టు. వెన్ను నిటారుగా, తల పైకి ఉంటుంది. బరువంతా సీటు మీద పడుతుంది, చేతుల మీద పడదు. ట్రాఫిక్‌లో తల తిప్పి వెనక్కి చూడాలంటే దీన్ని మించింది లేదు. తాతలు ఎనభై ఏళ్లదాకా ఆ సైకిలు తొక్కారంటే ఒంట్లో సత్తువ ఒక్కటే కారణం కాదు. ఆ హ్యాండిల్ వాళ్ల చేతుల్ని, మెడని నొప్పించలేదు.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించేది తిన్నని హ్యాండిల్. కొండదారుల సైకిలు నుంచి వచ్చింది. కర్రలా అడ్డంగా ఉంటుంది, వెనక్కి వాలు 5 నుంచి 9 డిగ్రీల దాకా ఉంటుందంతే. రాళ్లమీద, గుంటలమీద సైకిలు పక్కకు తిరగకుండా పట్టి ఉంచడానికి ఆ వెడల్పు, ఆ తిన్నదనం అవసరం. అలాంటి సైకిలు నేనూ కొన్నాను, పదేళ్ల కిందట. చూడటానికి బలంగా, అందంగా ఉంది. మూడు నెలలు తిరక్కముందే కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట్లో ప్రెస్సుకి చేరాక అరగంటకు తగ్గేది. తర్వాత మధ్యాహ్నం దాకా ఉండేది. ప్రూఫు మీద కామా పెట్టబోతే కలం చెప్పిన మాట వినేది కాదు. నా బతుకుతెరువు ఆ రెండు వేళ్ల మీద ఆనిన కలం. భయపడి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన నా అరచేతి మడమ, అంటే చిటికెనవేలి వైపు కింద మెత్తగా ఉబ్బుగా ఉండే చోటు, వేలితో నొక్కి, “సైకిలు తొక్కుతారా?” అని అడిగారు. అల్నార్ నాడి ఆ చోటు నుంచే వేళ్లలోకి వెళ్తుందట. ఒంటి బరువు రోజూ గంటసేపు దాని మీద పడితే ఆ రెండు వేళ్లూ మొద్దుబారతాయి. మందు రాయలేదు. హ్యాండిల్ మార్చమన్నారు.

ఇంకో ఇబ్బంది వెడల్పు. ఆ హ్యాండిల్ కొలిస్తే 70 సెంటీమీటర్లుంది. నా భుజాలు 42. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆటోల మధ్య నుంచి పోవాలంటే ముందు హ్యాండిల్ దూరుతుందా లేదా అని చూసుకోవాల్సి వచ్చేది. వెడల్పు ఒక్కటే బాధైతే కొత్త హ్యాండిల్ అక్కర్లేదు. రెండు చివరలా సమానంగా కోయించుకోవచ్చు. బ్రేకు పిడి, గేరు మీట, గ్రిప్పు పట్టేంత చోటు మిగిలితే చాలు.

గొర్రెపొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిల్ మూడో రకం. వంద కిలోమీటర్లు పోయేవాళ్లకి అది మంచి తోడు, చేతులు మార్చి మార్చి పెట్టుకోవచ్చు, గాలిని కోసుకుంటూ పోవచ్చు. రోజూ సంచీతో, క్యారేజీతో, ప్రతి వంద గజాలకీ బ్రేకు వేస్తూ పోయే మనిషికి నేను దాన్ని చెప్పను.

వంపు హ్యాండిల్‌కీ ఒక లోటుంది, అది దాచను. ఎదురుగాలి. బ్యారేజీ సుమారు 1.2 కిలోమీటర్ల పొడవు. వేసవిలో సాయంత్రం నది మీద పైరగాలి తిరుగుతుంది, నేను ఇంటికి పోయేది దానికి ఎదురుగా. నిటారుగా కూర్చుంటే రొమ్మంతా తెరచాపే. అలాంటప్పుడు గ్రిప్పులు వదిలి, హ్యాండిల్ వంపు మొదలయ్యే చోట, స్టెమ్‌కు, అంటే హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే మెడకు, దగ్గరగా పట్టుకుని వంగుతాను. బ్యారేజీ మీద మనుషులు, బళ్లు పలచగా ఉన్నప్పుడు మాత్రమే. అక్కడ చేతికి బ్రేకు అందదు. రోజూ ఎదురుగాలి దారే అయితే పూర్తిగా వెనక్కి తిరిగిన హ్యాండిల్ కాకుండా, ముప్పై నలభై డిగ్రీల వాలుతో ఉండేది తీసుకోండి. నేను చివరికి అదే పెట్టించుకున్నాను. వేళ్ల తిమ్మిరి నెలలో పోయింది.

మార్చేటప్పుడు కొన్ని కొలతలు గుర్తుంచుకోవాలి. గ్రిప్పులు, బ్రేకు పిడులు ఎక్కే చోట తిన్న హ్యాండిలైనా, వంపు హ్యాండిలైనా గొట్టం లావు 22.2 మిల్లీమీటర్లే. అందుకని పాతవి కొత్తదానికి ఎక్కుతాయి. కొమ్ముల హ్యాండిల్‌కి అక్కడ 23.8, కాబట్టి దాని పిడులు దీనికి పనికిరావు. ఇక మధ్యలో, స్టెమ్ పట్టుకునే చోట, కొత్త సైకిళ్లకి ఎక్కువగా 31.8. పాతవాటికి 25.4, అంటే సరిగ్గా అంగుళం. నా సైకిలు మెడ 31.8, నేను తెచ్చిన హ్యాండిల్ 25.4. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన షాపులో బాబాయ్ చేతులు సైకిలు విద్యలో పండిపోయినవి. ఆయన పక్కనున్న కుర్రాడు మాత్రం తొందరపడి, పాత ట్యూబు ముక్క కోసి గొట్టానికి చుట్టబోయాడు. బాబాయ్ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. “అది లైటుకి వెయ్యరా, హ్యాండిల్‌కి కాదు. గుంటలో పడగానే హ్యాండిల్ గిర్రున తిరుగుద్ది, మనిషి మొహం మీద పడతాడు” అన్నాడు. ఆ తేడా పూడ్చడానికి అల్యూమినియం తొడుగు దొరుకుతుంది. అదే వేయించుకోవాలి. రబ్బరు నొక్కితే నొక్కుకుంటూనే పోతుంది, బోల్టు ఎంత బిగించినా పట్టు రాదు.

వంపు హ్యాండిల్ వేసినప్పుడు చేతులు వెనక్కి వస్తాయి కాబట్టి బ్రేకు వైర్ల పొడవు చూసుకోవాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఏ వైరైనా లాక్కుని బిగుసుకుపోతే అది పొట్టిదైనట్టే, మార్పించాలి. పాత రకం మెడను పైకి లేపి ఎత్తు పెంచుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. దాని కాండం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. ఆ గీత ఎప్పుడూ ఫోర్కు లోపలే ఉండాలి. గీత బయటికి కనపడేదాకా లేపితే అది ఏదో ఒక రోజు విరిగి చేతిలోకి వస్తుంది. బిగింపు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ని గట్టిగా తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగింపు చాలదు.

హ్యాండిల్ రెండు చివరలా మూతలుంటాయి. పది రూపాయల వస్తువు. గ్రిప్పు చిరిగిపోయి, మూత ఊడిపోయి, గొట్టం నోరు బయటికి కనపడే సైకిళ్లు ప్రతి బడి దగ్గరా కనిపిస్తాయి. పడ్డప్పుడు ఆ గొట్టం పిల్లల కడుపులో గుచ్చుకుంటుంది. పైకి చిన్న గాయంలా కనపడి లోపల కాలేయానికో ప్లీహానికో పెద్ద దెబ్బ తగలవచ్చు. ఈ ప్రసంగంలో మరేదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు, రేపు పొద్దున మీ పిల్లల సైకిలు హ్యాండిల్ చివరలు చూడండి. మూత లేకపోతే బడికి పంపే ముందే వేయించండి.

ఇక దీపం.

మా నాన్నగారి రోజుల్లో సైకిలుకి మున్సిపాలిటీ బిళ్ల ఉండాలి, రాత్రి దీపం ఉండాలి. దీపం లేకపోతే పోలీసులు ఆపి చక్రాల్లో గాలి తీసేసేవారట. మొదట కిరసనాయిలు దీపాలు, తర్వాత డైనమో. ఆ డైనమో నాకూ బాగా గుర్తు. చిన్న సీసాలాగా ఫోర్కుకి అంటి ఉండేది. మీట నొక్కితే ఒరిగి టైరుకి ఆనుకుని గుంయ్‌మని తిరిగేది. 6 వోల్టులు, 3 వాట్లు. ముందు దీపానికి 2.4 వాట్లు, వెనక దీపానికి 0.6. తొక్కుతున్నంతసేపూ వెలుగు, ఆగితే చీకటి. అందులో నన్ను ఇప్పటికీ ఆకట్టుకునేది కరెంటు కాదు. ఆ దీపం ఉన్న చోటు. పాత రోడ్‌స్టర్‌కి హ్యాండిల్ మెడ కింద, ఫ్రేము తలభాగం ముందు, దీపం కోసమే ఇనుప కొక్కెం ఇచ్చేవారు. ఎందుకలా? వంపు హ్యాండిల్ మధ్యలో తిన్నగా ఉండే చోటు జానెడు కూడా ఉండదు. వంపు మీద లైటు బిగిస్తే అది రోడ్డు పక్క కాలువ వైపు చూస్తుంది. ఆ హ్యాండిల్ చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు కనక దీపానికి వేరే స్థానం కట్టారు. హ్యాండిల్‌నీ దీపాన్నీ ఒకేసారి ఆలోచించారు. తర్వాత వచ్చిన సైకిళ్లలో ఆ కొక్కెం పోయింది, తిన్న హ్యాండిల్ వచ్చింది, రబ్బరు పట్టీతో దానికి తగిలించే లైటు వచ్చింది. తిన్న గొట్టం మీద అది చక్కగా కూర్చుంటుంది. మన సంచి వచ్చి దాని ముందు నిలబడేదాకా.

లైటు కొనేముందు మీకు ఏం కావాలో తేల్చుకోండి. దారి కనపడాలా, మీరు కనపడాలా? దీపాలున్న వీధుల్లోనే తిరిగేవాళ్లకి మీరు ఎదుటివాళ్లకి కనపడటమే ముఖ్యం. చిన్న లైటు చాలు. నాలాగా చీకటి దారి కొంతైనా ఉన్నవాళ్లకి దారి కనపడాలి. పెట్టె మీద ల్యూమెన్లని పెద్ద అంకె వేస్తారు. అది దీపం నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. లక్స్ అని ఇంకో లెక్క ఉంది, అది ఒక చోట పడే వెలుగు. బిందెడు నీళ్లు పోశామన్నది ఒక మాట, మొక్క మొదట్లో ఎన్ని పడ్డాయన్నది ఇంకో మాట. వెయ్యి ల్యూమెన్ల టార్చిలైటు సగం వెలుగుని చెట్ల కొమ్మల్లోకి, ఎదురొచ్చే మనిషి కళ్లలోకి పోస్తుంది. జర్మనీలో చట్టం ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉంటుంది. అక్కడి సైకిలు లైటుకి కారు హెడ్‌లైటు లాగా పైన గీత గీసినట్టు వెలుగు తెగిపోవాలి. ఆ గీతకి పైన చీకటి, కింద రోడ్డు. అలాంటి లైట్లు మన దగ్గర తక్కువగా దొరుకుతాయి. దొరికితే రెండు వందలు ఎక్కువైనా అదే కొనండి. దొరక్కపోతే మూడు నాలుగు వందల ల్యూమెన్ల లైటుని సరిగ్గా వంచి పెట్టుకుంటే పని జరుగుతుంది.

సరిగ్గా వంచడానికి ఇంట్లోనే కొలత ఉంది. రాత్రిపూట గోడకి ఎదురుగా 5 మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టండి. సుమారు ఏడు పెద్ద అంగలు. లైటు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మీటరు ఎత్తులో ఉందనుకోండి. గోడ మీద అర మీటరు ఎత్తున సుద్దముక్కతో గీత గీయండి. వెలుగు నడిబొడ్డు ఆ గీత మీద పడేలా లైటుని వంచండి. 5 మీటర్లలో సగం ఎత్తు దిగింది కాబట్టి 10 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ 10 మీటర్లు దాటడానికి రెండున్నర సెకన్లు కూడా పట్టవు. గుంట చూసి, బ్రేకు వేసి, ఆగడానికి అంత వ్యవధి కావాలి. ఇంకా పైకి ఎత్తితే ఎదుటివాడి కళ్లు పోతాయి, కిందికి దించితే గుంట కనపడేసరికి చక్రం అందులో ఉంటుంది.

ఇప్పుడు ఎక్కడ బిగించాలన్నది. హ్యాండిల్‌కి సంచి తగిలించే అలవాటు ఎన్నాళ్లయినా పోదు, పోవాలని నేను కోరను కూడా. పని మనుషులకి అది అవసరం. కాబట్టి లైటే కిందికి దిగాలి. ఫోర్కు పైన, ముందు మడ్‌గార్డు బోల్టు ఉండే చోట, చిన్న ఇనుప పట్టీ వేసి లైటు బిగించవచ్చు. సంచి ఎంత పెద్దదైనా ఆ చోటుని మూయదు, అడుగు మరీ కిందికి వేలాడితే తప్ప. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలుకి కూడా ఈ చోటే మేలు, లేకపోతే బుట్ట ముందు భాగానికి. ఇందులో ఇంకో లాభం ఉంది, అది నాకు మార్చాకే తెలిసింది. లైటు కిందికి దిగితే గుంట తన నీడని పొడుగ్గా పరుస్తుంది. సాయంత్రపు ఎండలో చిన్న రాయికి పెద్ద నీడ పడినట్టు. పైనుంచి పడే వెలుగులో గుంట చదునుగా కనపడి మోసం చేస్తుంది. వర్షాకాలం వెళ్లాక మా ఉండవల్లి దారిలో ఆ నీడలే నాకు రోడ్డు పటం.

లైటుని పట్టీతో బిగించేచోట బాబాయ్ చెప్పిన ట్యూబు ముక్క వేయండి. అది ఇక్కడ మంచిది, అదురు తగ్గిస్తుంది, లైటు జారదు. వర్షం మాట చూసుకోండి. పెట్టె మీద ఐపీఎక్స్ 4 అని ఉంటే ఎటువైపు నుంచి నీళ్లు చిమ్మినా ఆగుతుంది. మన తుపాను వానకి అంతకన్నా పై అంకె ఉంటే నయం. సైకిలు ఎండలో రోజంతా నిలబెట్టేవాళ్లు లైటు తీసి జేబులో వేసుకోవాలి. ఎండకి రబ్బరు పట్టీ పగులుతుంది, బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది, దొంగల సంగతి చెప్పక్కర్లేదు.

వెనక దీపం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ముందు నుంచి వచ్చేవాణ్ణి మనం చూసి తప్పుకోవచ్చు. వెనక నుంచి వచ్చేవాడికి మన ప్రాణం అప్పగించి పోతున్నాం. చాలామంది ఎర్ర లైటుని సీటు కింద గొట్టానికి బిగిస్తారు. చొక్కా వెనక అంచు దాని మీద పడుతుంది. చీర కొంగు పడుతుంది. క్యారియర్ మీద బస్తా పెడితే అది పూర్తిగా మాయం. క్యారియర్ వెనక అంచుకో, మడ్‌గార్డు చివరకో బోల్టుతో బిగించండి. నేల వైపు కాదు, ఆకాశం వైపు కాదు, తిన్నగా వెనక్కి చూడాలి. మిణుకుమిణుకుమనే లైటు వెంటనే కంటికి ఆనుతుంది, కానీ అది ఎంత దూరంలో ఉందో లారీ డ్రైవరుకి సరిగ్గా తెలియనివ్వదు. జర్మనీలో సైకిలుకి మిణుకు లైటు నిషేధం కూడా. ఎర్ర లైట్లు రెండు పెట్టుకోగలిగితే ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుతూ పెట్టుకోండి. ఒక్కటే అయితే నిలకడగా వెలగనివ్వండి.

పాత నల్ల సైకిళ్లకి వెనక మడ్‌గార్డు చివర తెల్ల రంగు పట్టీ ఉంటుంది, గమనించారా? అది ఇంగ్లండు నుంచి వచ్చిన జాగ్రత్త, చీకట్లో కనపడటానికి. బురద తుడవకపోతే ఆ తెలుపు తెలుపు కాదు. దాని మీద, ఫోర్కు కాళ్ల మీద, చక్రం ఊచల మధ్య మనం రేడియం అని పిలిచే స్టిక్కరు ముక్కలు అంటించండి. అందులో రేడియం ఏమీ లేదు. సన్నని గాజు పూసలు గానీ పట్టకాల్లాంటి నిర్మాణాలు గానీ ఉండి, పడిన వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. ఛార్జింగు అక్కర్లేదు. పెడళ్లకుండే పసుపు రిఫ్లెక్టర్లు పీకేయకండి. అవి పైకీ కిందికీ ఆడుతుంటే వెనకవాడి మెదడు ఆలోచించకుండానే, ఇది మనిషి కాళ్ల కదలిక, అని పోల్చుకుంటుంది. సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయినా కొత్త సైకిలు ఇంటికి రాగానే పిల్లలు వాటినే ముందు ఊడదీస్తారు. కొత్తగా వచ్చే మోటారు సైకిళ్లన్నిటికీ 2017 ఏప్రిల్ నుంచి ఇంజను తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగేలా చేశారు. ఆ వెలుగుల గుంపులో మన ఒక్క చిన్న దీపం తేలిగ్గా కలిసిపోతుంది. కాళ్లు ఆడే పసుపు వెలుగు మాత్రం సైకిలుకే ఉంటుంది.

ఆ వాచ్‌మన్ సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. ఆ రాత్రి సంచిని తీసి వెనక క్యారియర్‌కి కట్టాం. రెండు రోజుల తర్వాత మళ్లీ ఎదురుపడితే సంచి తిరిగి హ్యాండిల్‌కే ఉంది. “వెనక కడితే పులుసు ఒలికిపోతోందండీ” అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ముందు చేతి పక్కన ఉంటే గుంట వచ్చినప్పుడు సంచిని చేత్తో ఆపుకోవచ్చు. మరుసటి ఆదివారం బాబాయ్ షాపుకి తీసుకెళ్లాను. బాబాయ్ పాత క్యారియర్ పట్టీ ఒకటి అంగుళంన్నర వెడల్పున కోసి, వంచి, బెజ్జం పెట్టి, ఫోర్కు బోల్టుకి తగిలించాడు. ట్యూబు ముక్క చుట్టి లైటు బిగించాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇందాక చెప్పినట్టే గోడకి సుద్దతో గీత గీసి, వెలుగు అక్కడ పడేదాకా వంచాం.

ఇప్పుడు రోజూ బ్యారేజీ దిగగానే దూరంగా, నేలకి రెండడుగుల ఎత్తున, తెల్లని నిలకడ వెలుగొకటి నా వైపు వస్తూ కనపడుతుంది. దగ్గరికొచ్చాక ఇద్దరం గంటలు కొట్టుకుని పోతాం. హ్యాండిల్‌కి ఎర్రసంచి ఊగుతూనే ఉంటుంది, దాని కింద దీపం.